ఆరో గడిలో రాసిన పేరు

ఒక మనిషి పేరు నేను తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. పని మీద ఏ ఊరికి పోయినా అది నాతోపాటే బస్సెక్కుతుంది. మీకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు కనుక. తెలిసినవాళ్లకు చెప్పాలంటే వాళ్ల మొహం చూస్తూ చెప్పాలి కదా. ఆ ధైర్యం వస్తుందేమోనని చూస్తూ ఇన్నేళ్లు గడిపేశాను.

ఆ పేరు యాకోబు. దాన్ని రాయకూడని చోట రాసింది నేను.

నా పని ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు సరిగ్గా కనబడదు. పంప్‌హౌస్‌లు, వంతెనలు, కాలువలు కట్టే కంపెనీల ఇంజనీర్లకు నేను శిక్షణ ఇస్తాను. పెద్ద పనిలో ఎక్కడ ఏ ముప్పు ఉందో ముందే ఎట్లా పసిగట్టాలి, దాన్ని కాగితం మీద ఎట్లా పెట్టాలి, ఎవరికి అప్పగించాలి, ఇదీ పాఠం. రిస్క్ మేనేజ్‌మెంట్ అంటారు. కరీంనగర్‌లో ఒక హోటల్ పై అంతస్తులో హాలు తీసుకుంటారు. మూడు రోజులు. మొదటిరోజు అందరూ ముందు వరుసలు వదిలేసి వెనక కూర్చుంటారు. మధ్యాహ్నం బగారన్నం తిన్నాక సగం మందికి కళ్లు మూతలు పడతాయి. అప్పుడు నేనొక కథ చెబుతాను. కునుకు తీసేవాళ్లు కూడా సర్దుకుని కూర్చుని వింటారు. చివరిరోజు నింపే అభిప్రాయాల కాగితంలో "ఆ కథ చాలా బాగుంది సార్" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు రాస్తారు.

ఆ కథ యాకోబుది. పేరు మార్చి చెబుతాను. ఊరు మార్చి చెబుతాను. ఇంకొకటి కూడా మార్చి చెబుతాను. ఆ మూడోదాని గురించే ఇప్పుడు ఇదంతా రాస్తున్నాను.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. చెన్నూరు వైపు, గోదావరిలో కలిసే ఒక వాగు పక్కన మా కంపెనీ పంప్‌హౌస్ కడుతోంది. కంపెనీ పేరు వద్దు. నేను సైట్ ఇంజనీర్ని. పంప్‌హౌస్ కట్టాలంటే ముందు మూడంతస్తుల లోతు గుంత తవ్వాలి. వాగు నీళ్లు అందులోకి రాకుండా చుట్టూ మట్టితో కట్ట పోయాలి. రింగ్‌బండ్ అంటాం. పని అయిపోగానే దాన్ని తీసేస్తాం. ఎట్లాగూ తీసేసేదే కదా అని దాని మీద ఎవరికీ పెద్దగా పట్టింపు ఉండదు. డిజైన్లు, తనిఖీలు, ఫొటోలు అన్నీ లోపలి కాంక్రీటుకే. గుంతలో దిగి పనిచేసేవాళ్ల ప్రాణాలు మాత్రం ఆ మట్టికట్ట మీదే ఉంటాయి.

యాకోబు మా వర్క్ ఇన్‌స్పెక్టర్. వినడానికి పెద్ద ఉద్యోగంలా ఉంటుంది కానీ, సిమెంటు బస్తాలు లెక్కబెట్టడం, మట్టిని సరిగ్గా తొక్కించారో లేదో చూడడం, సాయంత్రం వచ్చి నాకు చెప్పడం, అంతే. పని ఆపే అధికారం లేదు. మట్టి బాగాలేదని ఒక ట్రాక్టరును వెనక్కి పంపే అధికారం కూడా లేదు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను యాకోబన్నా అనేవాణ్ని. ఆయన నన్ను సారూ అనేవాడు. సైటుకు నాలుగు కిలోమీటర్లలోనే వాళ్ల ఊరు. ఊళ్లో మెథడిస్టు చర్చి ఉంది. ఆదివారం అక్కడ వాక్యం చదివేది ఆయనే. గొంతు బాగుండేది. తెలుగు ఎంత కష్టమైన మాటైనా తడబడకుండా చదివేవాడు. ఇంగ్లీషు రాదు.

ఆయన తమ్ముడు సీమోనుది పత్తి చేను. మా కట్టకు దిగువనే. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే మోటర్‌సైకిల్. పొద్దున సీమోను అన్నను సైటు దగ్గర దింపి చేనుకు పోయేవాడు. సాయంత్రం వచ్చి ఎక్కించుకునేవాడు. ఒక్కోసారి ఆలస్యమైతే వచ్చి మా షెడ్డు బయట నిలబడి, "సారూ, మా అన్నను ఇడిసిపెట్టుండ్రి, మా వదిన నన్ను తిడుతది" అని నవ్వేవాడు.

ఆ ఏడు ఎండాకాలంలో కంపెనీ నన్ను కరీంనగర్‌లో శిక్షణకు పంపింది. అదే హోటల్, అదే హాలు. పాఠం చెప్పినావిడ రిటైరైన పెద్ద ఇంజనీరు. మేడం అనేవాళ్లం. గోడ మీద ఆరు గడుల పట్టిక చూపించింది. ముప్పు ఏమిటి. ఎందుకు వస్తుంది. వచ్చే అవకాశం ఎంత. వస్తే నష్టం ఎంత. ఏం చేయాలి. చివరి గడి, బాధ్యులు ఎవరు. ఆ ఆరో గడి దగ్గర మేడం చాలాసేపు ఆగింది. ముప్పును చూసినవాడి పేరు ఇక్కడ రాయకండి, దాన్ని ఆపగలిగినవాడి పేరు రాయండి, అంది. మన సైట్లలో ఎవరు నోరు తెరిస్తే పని వాళ్ల నెత్తినే పడుతుంది, అందుకే ఎవరూ నోరు తెరవరు, అని కూడా అంది. అందరం నవ్వాం. నిజం కనుక నవ్వాం. మూడోరోజు పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. నేను సరిగ్గానే రాశాను. కాబట్టి తెలియక చేశాననడానికి నాకు వీల్లేదు.

సర్టిఫికెట్ అక్కడే చేతికివ్వలేదు. సైటుకు పోయి మీ మనుషులతో మీటింగ్ పెట్టండి, ఇదే పట్టికతో నిజమైన రిస్క్ రిజిస్టర్ నింపండి, అందరితో సంతకాలు చేయించి పంపండి, అప్పుడే ఇస్తాం అన్నారు. మంచి రిజిస్టర్లు హెడ్డాఫీసు దాకా పోతాయని కూడా అన్నారు. నా ప్రమోషన్ ఫైలు అప్పుడు హెడ్డాఫీసులోనే ఉంది. ఆ మాట నా చెవిలో బాగా పడింది.

సైటులో రేకుల షెడ్డు కింద మీటింగ్ పెట్టాను. చాయ్, బిస్కెట్లు తెప్పించాను. పదిమంది దాకా వచ్చారు. పని మీద ఏమైనా భయాలుంటే చెప్పండి అన్నాను. మేడం చెప్పినట్టే ఎవరూ నోరు తెరవలేదు. ఫోర్‌మన్ నేల చూశాడు. స్టోర్ కీపర్ చాయ్‌లో మునిగిన బిస్కెట్ ముక్కను వేలితో తీస్తూ కూర్చున్నాడు. యాకోబు లేచి నిలబడ్డాడు.

"సారూ, తూర్పు మూలకు కట్ట కింద పాత వాగు ఉన్నది. మా బాపు చిన్నగున్నప్పుడు వాగు గాడికెల్లే పారేదట. పైన మనం నల్లమట్టి పోసినం గని కింద మొత్తం ఇసుకనే. వానలు పడి వాగు నిండితే నీళ్లు పైకెల్లి రావు, కిందికెల్లి వస్తయి. గా మూల తవ్వి మంచిగ కట్టేదాంక గుంతల మనుషులను దింపుడు మంచిగ కాదు."

మరునాడు ఆ మూలలో చిన్న గుంత తవ్వించి చూశాను. నడుం లోతు దాటగానే ఇసుక వచ్చింది. యాకోబు గుప్పెడు తీసి నా ముందు పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఆ రోజు నుంచి నాకు తెలుసు. ఊహ కాదు, కళ్లారా చూశాను.

షెడ్డులో కంప్యూటర్ ముందు కూర్చుని రిజిస్టర్ నింపాను. వచ్చే అవకాశం, ఐదుకు నాలుగు. నష్టం, ఐదుకు ఐదు. గుణిస్తే ఇరవై. ఆ వరుస దానంతటదే ఎర్రబడింది. ఇక చివరి రెండు గడులు మిగిలాయి.

ఆరో గడిలో నా పేరు రావాలి. రాస్తే ఏమవుతుంది? మా ప్రాజెక్ట్ మేనేజర్ దగ్గరకు పోయి, తూర్పు మూల తవ్వి మళ్లీ కట్టాలి సార్, ఇరవై రోజులు గుంతలో పని ఆపాలి అని చెప్పాలి. వానలు మొదలయ్యేలోపు గుంత అడుగు కాంక్రీటు అయిపోవాలని ఆయన రోజూ పొద్దున్నే ఫోన్ చేసి గుర్తుచేసేవాడు. ఆయన కోపం నాకు తెలుసు. పని ఆపమన్న ఇంజనీరును ఆయన అందరి ముందూ ఎట్లా తిట్టాడో ఒకసారి చూశాను. పోనీ ఆయన పేరే రాస్తే? అంత మొనగాణ్నా నేను? ఖాళీగా వదిలేస్తే రిజిస్టర్ తిరిగి వస్తుంది. ఇవన్నీ ఆలోచిస్తూ గంటలు కూర్చున్నట్టు ఇప్పుడు అనిపిస్తుంది. నిజానికి పక్కనున్న చాయ్ చల్లారలేదు కూడా. యాకోబు అని టైపు చేశాను. ఏం చేయాలి అన్న గడిలో, రోజూ గమనించాలి అని ఇంగ్లీషులో రాశాను. రోజూ గమనిస్తే ఏ పనీ ఆగదు కదా.

అది మోసమని అప్పుడు అనుకున్నానా? అనుకోలేదు. ఆయన ఎట్లాగూ చూస్తూనే ఉంటాడు, ఆయనకంటే బాగా ఎవరు చూస్తారు, అనుకున్నాను. ఇంత తేలిగ్గా నాకు నేను సర్దిచెప్పుకోగలనని నాకే తెలియదు.

ప్రింటు తీసి సంతకాలకు పెట్టాను. మిగతావాళ్లు చూడకుండానే గీకి ఇచ్చారు. యాకోబు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంగ్లీషు రాకపోయినా తన పేరు ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు, జీతం చిట్టీల మీద చూసి. వేలితో వెతికి పట్టుకున్నాడు.

"నా పేరు రెండు దిక్కుల ఉన్నదేంది సారూ? గీడ సంతకం కాడ ఉన్నది. గీ పైన గూడ ఉన్నది."

"కింద మీటింగ్‌కు వచ్చినట్టు, యాకోబన్నా. పైన... ఈ ముచ్చట నువ్వు చెప్పినవని."

"అంటే నేను చెప్పింది రాసిండ్రా?"

"రాసిన."

"మంచిగైంది. రాస్తే ఇగ పైనోళ్లు చూస్తరు గద సారూ?"

"చూస్తరు. నువ్వేం ఫికర్ పెట్టుకోకు."

ఆయన సంతోషంగా సంతకం పెట్టాడు. తెలుగులో, పూర్తి పేరు, ఒక్కో అక్షరం విడివిడిగా. ఆ సంతోషాన్ని నేను చూశాను. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

వానలు మొదలయ్యాయి. ఎవరూ చెప్పకుండానే యాకోబు రోజూ ఆ మూల దాకా నడిచిపోయేవాడు. సాయంత్రం వచ్చి, "సారూ, తూర్పు మూల తడిగున్నది" అనేవాడు. ఇంకో రోజు, "ఇయ్యాల కాలు పెడితే దిగుతున్నది" అనేవాడు. సరే చూద్దాం అనేవాణ్ని. ఎక్కడా రాసిపెట్టలేదు. మేనేజర్‌కు ఒక్కసారి ఫోన్‌లో అనబోయాను. ఆయన కాంక్రీటు ఎంతవరకు వచ్చిందని అడిగాడు. అది చెప్పి పెట్టేశాను.

జూలైలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను షెడ్డులో బిల్లులు చూస్తున్నాను. బయట యాకోబు గొంతు వినిపించింది. చర్చిలో వాక్యం చదివే ఆ గొంతు, అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. బయటికి వచ్చేసరికి గుంతలోంచి మనుషులు నిచ్చెనలు పట్టుకుని పైకి వస్తున్నారు. పద్నాలుగు మంది. ఆయన గుంతలోకి దిగి, ఒక్కొక్కరిని రెక్క పట్టి లేపి ముందుకు తోసి, అందరి వెనక తాను ఎక్కాడు. ఆయన పైకి వచ్చిన కాసేపటికే తూర్పు మూల చప్పుడు లేకుండా కుంగిపోయింది. నీళ్లు ఆయన చెప్పిన దారినే, కిందికెల్లి వచ్చాయి. గుంత నిండింది. అవతలి కట్ట కూడా తెగింది. వాగు తన పాత దారి పట్టి దిగువ చేన్ల మీదికి పోయింది. నీళ్లు తీశాక చూస్తే సీమోను పత్తి మీద మోకాలెత్తు ఇసుక.

ఒక్క ప్రాణం పోలేదు. నా క్లాసులో ఈ మాట దగ్గర అందరూ ఊపిరి తీసుకుంటారు. నేనూ కాస్త ఆగుతాను, వాళ్లకు ఆ సమయం ఇవ్వడానికి. ఇట్లాంటి విద్యలు నాకు బాగా వచ్చు.

వారం తర్వాత హెడ్డాఫీసు నుంచి ఇద్దరు విచారణకు వచ్చారు. అదే రేకుల షెడ్డులో కూర్చున్నారు. నా రిజిస్టర్ తెరిచారు. ముప్పును మూడు నెలల ముందే గుర్తించారు, బాధ్యుడు యాకోబు, చేయాల్సింది రోజూ గమనించడం. వాళ్లకు అంతా తేటగా ఉంది. యాకోబును పిలిచారు. రోజూ చూశావా అని అడిగారు. చూసిన సార్ అన్నాడు. రాసిపెట్టావా అని అడిగారు. లేదు సార్, సారుకు చెప్పిన, రోజూ చెప్పిన అన్నాడు. వాళ్లు నా వైపు తిరిగారు.

గడిలో పేరు రాయడం ఒక తప్పు. అది భయంతో చేశాననుకోండి, తొందరలో చేశాననుకోండి. ఇది వేరు. ఇప్పుడు నాకు ముగ్గురు మనుషుల మొహాలు కనబడుతున్నాయి. యాకోబు నన్ను చూస్తున్నాడు. ఆయన మొహంలో అనుమానం లేదు. సారు చెబుతాడు అన్న ధీమా ఉంది. నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా చెబుతాను. "ఎప్పుడన్నా మాటల్లో అని ఉంటాడు సార్, నాకు గుర్తులేదు."

ఆయనను పనిలోంచి తీసేశారు. పద్నాలుగు మందిని పైకి లేపిన సంగతి రిపోర్టులో ఒక్క ముక్క లేదు. సైట్ ఇంజనీర్ ముప్పును ముందుగానే సక్రమంగా నమోదు చేశాడని ఉంది. చేను గురించి అడగడానికి సీమోను సైటుకు వచ్చినప్పుడు మా ఆఫీసు మనిషి ఒకాయన ఆ కాగితం చూపించి, ఇది చూసుకోవాల్సింది మీ అన్నే, ఇదిగో సంతకం అన్నాడు. నేను పక్క గదిలో ఉన్నాను. విన్నాను. కుర్చీలోంచి లేవలేదు. సీమోను ఆ సంతకాన్ని గుర్తుపట్టాడు కదా, ఇంక ఏం అంటాడు? ఆ రోజు నుంచి అన్నతో మాట మానేశాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి యాకోబు లేవలేదట. కొన్నాళ్లకు భార్యను తీసుకుని కాగజ్‌నగర్ పోయాడని, ఒక కట్టెల అడితిలో కాపలా ఉంటున్నాడని విన్నాను.

నాకు ప్రమోషన్ వచ్చింది. నా రిజిస్టర్‌ను మంచి నమూనా అని శిక్షణలో చూపించారు. తర్వాత నన్నే వచ్చి మాట్లాడమన్నారు. ఇంకొన్నాళ్లకు సైటు పని వదిలేసి పూర్తిగా ఇందులోకే వచ్చాను. యాకోబు కథ చెప్పడం మొదలుపెట్టాను. అందులో నేను మార్చిన మూడో సంగతి ఇది. నా కథలో ఆ పేరును "టీం అంతా కలిసి పొరపాటున" రాస్తుంది. విచారణలో ఇంజనీరును ఎవరూ ఏమీ అడగరు.

మూడేళ్ల కింద ఒక పని మీద కాగజ్‌నగర్ పోయాను. స్టేషన్ బయట ఎవరో సారూ అని పిలిచారు. జుట్టు మొత్తం తెల్లబడింది కానీ గొంతు అదే. చాయ్ తాగుదాం రమ్మన్నాడు. ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నా తోని మీకు గూడ మాటొచ్చింది సారూ. నా చేతుల పెట్టిన పని నేను కాపాడలేకపోయిన. ఏడ గలత్ అయిందో ఇప్పటికీ సమజ్ కాదు. రోజూ పోయి చూసిన. ఏమో, జర గట్టిగ చెప్పాల్సి ఉండె."

నేనేమన్నానో తెలుసా? "ఇడిసిపెట్టు అన్నా, అయిపోయిన ముచ్చట" అన్నాను. నేనే ఆయనను క్షమించినట్టు. చాయ్ మొత్తం తాగి, బండి టైమైందని వచ్చేశాను. రైలుకు ఇంకా గంటన్నర ఉంది.

ఆ రోజు ఎందుకు చెప్పలేదు? ఆయన నన్ను గౌరవంగా చూశాడు కనుకే. తిట్టి ఉంటే చెప్పేవాణ్నేమో. ఇది కూడా నాకు నేను చెప్పుకునే మాటే కావచ్చు. తిట్టినా చెప్పేవాణ్ని కాదేమో.

ఈమధ్య కరీంనగర్‌లో ఒక బ్యాచ్ నడిచింది. కథ చెప్పడం అయిపోయింది. వెనక వరుసలో జగిత్యాల నుంచి వచ్చిన ఒక చిన్న వయసు ఇంజనీరు చెయ్యెత్తింది. "సార్, ఆ గడిల పేరు టైపు చేసింది ఎవరు?" అని అడిగింది. టీం కలిసి చేసిందమ్మా అన్నాను. "టీం అంతా కలిసి టైపు చెయ్యరు గద సార్. కీబోర్డు మీద ఒక్కరి చెయ్యే ఉంటది." హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు, జవాబు రాసుకుందామని పెన్ను పట్టుకుని చూస్తోంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. ఆ వివరం నా దగ్గర లేదని చెప్పి ముందుకు పోయాను. ఆమె ఏదో రాసుకుంది. నేను చెప్పిన అబద్ధాన్ని ఒక పిల్ల నోటుపుస్తకంలో పాఠంగా రాసుకుంటుంటే చూడడం, అది నా వల్ల కాలేదు. సాయంత్రం చాలాసేపు ఆ హాలులోనే కూర్చుండిపోయాను.

ఆదివారం పొద్దున కాగజ్‌నగర్ పోయాను. అడితి గేటు లోపల ఒక మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను. గడిలో పేరు ఎందుకు రాశానో, సంతకం పెట్టించేటప్పుడు ఏం దాచానో, విచారణలో ఏమన్నానో, వరుసగా చెప్పాను. చెబుతుంటే నా గొంతు క్లాసులో చెప్పినట్టే ఉంది, అది నాకే వినిపించి సిగ్గేసింది. ఆయన అడ్డుపడలేదు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు.

"నేను రోజూ వచ్చి చెప్పింది మీకు యాదికున్నదా సారూ?"

"ఉన్నది అన్నా. అన్ని రోజులూ యాదికున్నది."

చేతిలో ఉన్న బెరడు ముక్కను గిల్లుతూ కూర్చున్నాడు.

"చెప్పిన్నా, చెప్పినట్టు నాకే అనిపించిందా అని అనుమానం పట్టింది సారూ ఇన్నేండ్లు. మీరు యాదికి లేదంటిరి. సారు అబద్ధం ఎందుకు చెప్తడు, నేనే మర్చిపోయి ఉంటననుకున్న."

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. "నాకు చెప్తే ఏం ఫాయిద? మా తమ్మునికి చెప్పుండ్రి" అన్నాడు. అప్పుడే గేటు బయట కట్టెల లారీ వచ్చి హారన్ కొట్టింది. ఆయన లేచి గేటు తీయడానికి పోయాడు. లారీతోపాటే లోపలికి నడిచిపోయాడు. కాసేపు నిలబడి చూశాను. మళ్లీ రాలేదు.

బస్సులో కూర్చున్నాక నాకు తేలిగ్గా అనిపించింది. ఇది చెప్పడం కష్టంగానే ఉంది. ఆయన తొమ్మిదేళ్లు తన జ్ఞాపకాన్నే నమ్మలేక బతికాడని అప్పుడే విన్నాను. అది విన్న గంటలోనే నా ఛాతీలో ఏదో సడలింది. మనిషి ఎంత స్వార్థపరుడో అనుకున్నాను. అనుకున్నా ఆ తేలిక పోలేదు.

మరునాడు చెన్నూరు పోయి, అక్కడినుంచి ఆటోలో వాళ్ల ఊరికి పోయాను. పత్తి ఏరే రోజులు. సీమోను చేనులోనే ఉన్నాడు, నడుముకు ఒడి కట్టుకుని. ఆయన నన్ను గుర్తుపట్టాడు, పలకరించలేదు. సాలులో ఆయనకు ఎదురుగా నిలబడి, ఈసారి వరుసగా కాకుండా, ముందు అసలు మాట చెప్పాను. మీ అన్నది తప్పు కాదు, నాది. తర్వాత మిగతాది చెప్పాను. ఆయన చేతులు కొంతసేపు పత్తి ఏరుతూనే ఉన్నాయి. తర్వాత ఆగాయి.

తిడతాడనుకున్నాను. కొట్టినా సరే అనుకునే పోయాను. ఆయన అడిగింది వేరు.

"కాగజ్‌నగర్ల ఏడుంటడు మా అన్న?"

చెప్పాను. ఏ రోడ్డు, ఏ అడితి, గేటు ఎటువైపు ఉంటుందో చెప్పాను. మంచిర్యాల నుంచి మధ్యాహ్నం బండి ఏమన్నా ఉన్నదా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఆయన ఒడి విప్పి పత్తితో సహా సాలులో పెట్టేశాడు. గట్టు మీద బకెట్‌లో చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటూ ఊరి వైపు నడిచిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ పూట ఆయన మనసులో నాకు చోటే లేదు.

వాళ్లిద్దరూ కలిశారో లేదో నాకు తెలియదు. కలిస్తే ఏం మాట్లాడుకున్నారో అడిగే మొహం నాకు లేదు. ఎవరూ నన్ను క్షమించలేదు. నేనూ అడగలేదు. వచ్చే నెల కరీంనగర్‌లో మళ్లీ బ్యాచ్ ఉంది. ఆ పేరు ఎవరు టైపు చేశారో ఆ హాలులో నిలబడి చెప్పగలనా? చెబితే ఆ తర్వాత నాకు ఈ పని ఉంటుందా? తెలియదు. ఇప్పటికి మీకు చెప్పాను.

తూర్పు మూల తడిగా ఉందని యాకోబు రోజూ వచ్చి చెప్పాడు. నేను రోజూ విన్నాను.